అపరిచిత గద్యము

అక్షరములు తడబడక గడగడ చదువగలిగినవాడు చదివినదానిని గ్రహించియే యుండునని లోకము చిరకాలముగా నమ్ముచున్నది. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో తేల్చుకొనుటకు కాబోలు, ఏటేట చలి వెనుకపట్టు పట్టు దినములలో సి.బి.ఎస్.ఇ. వారు పన్నెండవ తరగతి బాలబాలికల ముందర, వారెన్నడును కనివిని యెరుగని రెండు ఇంగ్లీషు గద్యఖండములనుంచి, వాని క్రింద కొన్ని ప్రశ్నలు వ్రాసి, జవాబులు చెప్పుడని యడుగుచున్నారు. ఇంగ్లీషు కోర్ అనబడు ఆ పత్రమున వ్రాతపరీక్షకు గల 80 మార్కులలో 22 మార్కులు ఈ పఠనవిభాగమునకే కేటాయింపబడినవి. మొదటి గద్యమునకు 12, రెండవదానికి 10. మొదటిది వ్యాసమో, అనుభవకథనమో అయియుండును. రెండవదానికి అంకెల పట్టికయో, గీతల పటమో తోడుగా నుండును. రెండును కలిసి 750 మాటలకు మించవు. తెలుగు వాచకములలో దీనినే అపరిచిత గద్యమందురు. మా వీధి పిల్లలు అన్‌సీన్ ప్యాసేజి అందురు. పేరేదైనను, పాఠ్యపుస్తకమున లేనిది, గైడులో దొరకనిది, బట్టీపట్టుటకు వీలులేనిది, చదువరి తానొక్కడుగా నెదుర్కొనవలసినది పత్రమంతటిలో దాదాపు ఇదియొక్కటియే. అందువలననే నాకు దీనిపై నొక విధమైన గౌరవమును, దీనిని బోధించు పద్ధతిపై నంతకు మించిన యసహనమును గలవు.

నేను నివసించునది పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి. 1970ల ప్రాంతమున ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీవారు ఎ, బి, సి, డి అను అక్షరముల క్రింద బ్లాకులుగా విభజించి నెలకొల్పిన కాలనీ యిది. కేంద్రప్రభుత్వ కార్యాలయములలో కొలువు చేసిన తెలుగువారు కొందరిచట స్థిరపడిరి. వారి తరువాతి తరమువారు గురుగ్రామమునకో, నోయిడాకో మెట్రోలో పోయివచ్చుచు కాపురములు సాగించుచున్నారు. 2018లో మెజెంటా లైను ఇచటికి చేరినది మొదలు జనక్‌పురి వెస్టు స్టేషను రెండు మార్గములు కలియు కూడలి యైనది. కోచింగు సెంటర్ల ప్రకటనపలకలకు అంతకన్న అనువైన చోటేది? ఈ యిండ్ల పిల్లల భాషాస్థితి విచిత్రమైనది. ఇంట అమ్మమ్మతో తెలుగు, మెట్లు దిగగానే హిందీ, పుస్తకము తెరచిన ఇంగ్లీషు. మూడును వచ్చును, మూడింటిలో నేదియు తమదని గుండెమీద చేయివేసి చెప్పలేరు. పదవీవిరమణ చేసిన పిమ్మట నాకు పొద్దుపోవుటలేదని తెలిసి, మూడు నాలుగిండ్లవారు తమ పిల్లలను సాయంకాలములందు ఇంగ్లీషు పుస్తకములతో నా కడకు పంపసాగిరి. మాస్టారని పిలిపించుకొనుటకు నాకెట్టి పట్టాయు లేదు. బ్రతుకంతయు ఫైళ్లు చదివినవాడను. ఐనను పిలుపు బాగున్నదని యూరకుంటిని.

ఈ నగరమున తెలుగుపిల్లల చదువును గూర్చి తలచినపుడెల్ల దుర్గాబాయమ్మగారు స్మృతికి రాక మానరు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె, బడిలో ఆంగ్లమాధ్యమమును రుద్దుటకు నిరసనగా పండ్రెండేండ్ల ప్రాయముననే చదువు విడిచి, ఆ పిమ్మట బాలికలకు హిందీ నేర్పుటకై బాలికా హిందీ పాఠశాలను స్థాపించిరి. ఉప్పుసత్యాగ్రహమున చెరసాలలకు వెళ్లివచ్చి, పెరిగి పెద్దయైన తరువాత, బాల్యమున త్రోసిపుచ్చిన ఆ యింగ్లీషునే పట్టుదలతో నేర్చి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనులో కృతార్థురాలై, ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమును, మదరాసున న్యాయశాస్త్రమును అభ్యసించి, 1942లో న్యాయశాస్త్ర పట్టభద్రురాలైరి. ఇంతలో మదరాసున ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభ తలకెత్తుకొన్న తొలిపనులలో నొకటి, చదువు నడుమ నిలిచిపోయిన స్త్రీలను ఆ కాశీ మెట్రిక్యులేషనుకే తయారుచేయుట. నేటి భాషలో చెప్పవలెనన్న, అదియును కోచింగే. రాజ్యాంగసభ సభ్యురాలుగా ఢిల్లీలో నున్నపుడు 1948లో, ఇచటి తెలుగుపిల్లల కొరకు ఆమె పూనికతో నేర్పడినదే ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ; దాని పాఠశాలలలో నొకటి మా జనక్‌పురిలో నున్నది. ఇంగ్లీషును కాదన్న బాలికయు, ఇంగ్లీషును సాధించిన వనితయు నొక్కరే యగుటలో నాకు విరోధము కానరాదు. అర్థము కాకున్నను అయినట్లు తలయూపవలసిన స్థితిని ఆమె బాల్యమున నిరాకరించిరనియు, తలయూపనక్కరలేని స్థితిని యౌవనమున సంపాదించుకొనిరనియు నా యూహ.

ఇక కోచింగు పద్ధతికి వత్తును. దాని ప్రకారము గద్యమును ముందు చదువరాదు; ప్రశ్నలను చదువవలెను. ప్రశ్నలలోని ముఖ్యమైన మాటల క్రింద పెన్సిలుతో గీత గీయవలెను. పిమ్మట ఆ మాటలు గద్యమున నెచట నున్నవో కంటితో గాలించి, కనబడిన చోట నాగి, దాని ముందు వాక్యమును, వెనుక వాక్యమును చదివి జవాబు వ్రాసి, మరల గాలింపు మొదలిడవలెను. కీవర్డు పట్టుకొన్న చాలునని నూరిపోయుదురు. చేత చీటీ పట్టుకొని సి-4 బ్లాకులో ఒక యింటి నెంబరు వెదకుచు పోవు క్రొత్తవానికి గేట్ల మీది అంకెలు దప్ప, ఆ వీధిలోని వేపచెట్టుగాని, దాని క్రింద ఇస్త్రీబల్ల వేసికొన్న ముసలాయనగాని కంటికానరు. ఇల్లు దొరకును, వీధి మాత్రము దొరకదు. ఈ పిల్లలకును జవాబులు దొరకుచున్నవి. అంతయు ముగిసిన పిమ్మట పత్రమును మూసి, ఇంతకును ఆ వ్రాసినాయన చెప్పదలచినదేమని యడిగితినా, నా వంక వింతగా చూచెదరు. ఆ ప్రశ్న పత్రమున లేదుగదా యని వారి భావము.

ఒక శీతకాలపు సాయంకాలమున, కామర్సు చదువు బాలుడొకడు నా యెదుట కూర్చుండి గద్యమును చేయుచుండెను. చదువుచుండెననుటకు వీలులేదు, వారి నోటను ప్యాసేజి చేయుటయే. నగరములను గూర్చిన వ్యాసఖండమది. మన నగరనిర్మాతలు తమ అపారమైన వివేకముచేత ఆరు వరుసల కార్లు పోవుటకు వీలైన రోడ్డు వేసి, దానిని దాటుటకు ముసలివారికి మాత్రము త్రోవ విడుచుట మరచిరని యందొక వాక్యము. రచయిత వైఖరి యెట్టిదని ప్రశ్న. ప్రశంస, ఉదాసీనత, వ్యంగ్యము, భయము అని నాలుగు వికల్పములు. వాడు క్షణమైన తడయక ప్రశంసకు టిక్కు పెట్టెను.

"ఎందుకురా అది?" అంటిని.

"విజ్‌డమ్ అని ఉంది కదా మాస్టారూ. పాజిటివ్ వర్డు."

నేను కాగితమును ప్రక్కకు నెట్టి, "మా పక్కింటాయన ఎంత తెలివైనవాడంటే, కారు కొని ఇంటికి తెచ్చాక గేటు చిన్నదని తెలుసుకున్నాడు" అంటిని. వాడు ఫక్కున నవ్వెను.

"నవ్వుతావేం? తెలివైనవాడనేగా అన్నాను."

"అదేం కాదు మాస్టారూ, వెక్కిరించారు. మా అమ్మమ్మ రోజూ ఇట్లాగే అంటుంది, ఏం బంగారుకొండవురా, పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చున్నావూ అని."

"మరి ఈయన?"

వాడు కాగితమును దగ్గరకు లాగుకొని, ఈసారి మొదటి వాక్యమునుండి, చదివెను. పెదవుల చివర నవ్వొకటి కదలినది. రబ్బరు తీసికొని టిక్కు చెరిపెను.

వానికి పదసంపద కొరవడలేదు. ఆ వాక్యమునందలి మాటలన్నియు వానికి తెలిసినవే. వ్యంగ్యమును పసికట్టు శక్తియు కొరవడలేదు. అమ్మమ్మ దయవలన అది పాలతోడనే యబ్బినది. కొరవడినదెల్ల, ఇంగ్లీషు వాక్యము వెనుక కూడ నొక మనుష్యుడుండుననియు, ఆ మనుష్యునకును కోపతాపములు, ఎత్తిపొడుపులు, దాపరికములు ఉండుననియు నమ్మకము. తెలుగు వానికి మనుష్యుల నోట వచ్చినది. ఇంగ్లీషు కాగితము మీద వచ్చినది. కాగితము వెక్కిరించునని ఎవడనుకొనును?

ఈ చిక్కు మా జనక్‌పురికే పరిమితమని యెవరైన భావించినచో, వారికి 1917లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను అమెరికా మనోవిజ్ఞానవేత్త చేసిన పరిశీలనను చూపవలెను. ఫ్రాంక్లిన్ అను ఊరిలో ఏ వయస్సు పిల్లలు బడికి రావలెనో, ఏ కారణములచేత మానవచ్చునో తెలుపు ఒకే వాక్యపు పేరాను బడిపిల్లలకిచ్చి, ఆయన ప్రశ్నలడిగెను. పేరా కన్నుల యెదుటనే యున్నది. భాష వారి మాతృభాష. ఐనను వచ్చిన జవాబులు చిత్రవిచిత్రములు. ఆ తప్పులను విడివిడిగా పరికించి ఆయన తేల్చినదేమనగా, చదువువాని మనస్సులో ఒక మాట తన పాలికి మించిన బలమును పుంజుకొని తక్కినవానిని అణచివేయుననియు, ఏ మాటకెంత బరువు నీయవలెనో తూచి కూర్చుటయే గ్రహణమనియు, కావున పేరా చదివి గ్రహించుట గణితసమస్యను సాధించుట వంటి తర్కవ్యాపారమనియు. మా కామర్సు బాలుని విషయమున వివేకమను మాట సరిగా నిట్లే పెత్తనము చెలాయించి, దాటుటకు త్రోవలేని ముసలివారిని వాక్యమునుండి గెంటివేసినది.

బడిపిల్లలు గనుక తప్పులు చేసిరందమా, 1929లో ఐ.ఎ. రిచర్డ్స్ ప్రకటించిన ప్రాక్టికల్ క్రిటిసిజమ్ అను గ్రంథమున్నది. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యమును చదువుకొనుచున్నవారికి, కవుల పేర్లు తొలగించిన పద్యములనిచ్చి, తోచినది వ్రాయుడని ఆయన కోరెను. పేరు కనబడనందున నెవరిని మెచ్చవలెనో తెలియక, సామాన్యమైన పద్యములను ఆకాశమునకెత్తినవారును, మహాకవుల రచనలను ఈసడించినవారును, అసలు పద్యపు సాదా అర్థమునే పట్టుకొనలేకపోయినవారును ఆ పత్రములలో పుట్టలు పుట్టలుగా నున్నారు. మా పిల్లలు ప్యాసేజీలో రెండు మార్కులు పోగొట్టుకొని మొగము వ్రేలవేసినపుడు నేను వారికి ఈ కథ చెప్పుచుందును. ఓదార్పునకు దీనిని మించినది నాకు దొరకలేదు.

మన పూర్వులు ఈ విషయమున చేసిన కృషి తక్కువది కాదు. ఒక వాక్యసముదాయము యొక్క తాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకులు ఆరు లింగములను, అనగా గుర్తులను, చెప్పిరి. ఎచట మొదలుపెట్టి ఎచట ముగించినాడో ఆ రెండు చివరలును కలియుచున్నవా? మరల మరల చెప్పినదేమి? ఇదివరలో మరియొక విధమున తెలియనిది, ఇచట క్రొత్తగా తెలిసినదేమి? దీనివలన ఫలమేమి? కేవలము పొగడ్తగనో, నిందగనో, అలంకారప్రాయముగనో చెప్పినదేది? చెప్పినదానికి యుక్తి యెచట నున్నది? ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అను ఈ యారింటిని నేను ఒక కాగితముపై తెలుగున వ్రాసి పిల్లలకిచ్చితిని. వేదవాక్యముల కొరకు పుట్టిన కొలమానమును ప్లాస్టికు సంచులను గూర్చిన నాలుగువందల మాటల వ్యాసముపై ప్రయోగించుట అపచారమని కొందరనవచ్చును. కాని సెంట్రల్ ఐడియా యేమని యడుగు ప్రశ్నకు ఇంతకంటె నమ్మదగిన దారి నేనెరుగను. ముఖ్యముగా అర్థవాదమును వేరుచేయుట పిల్లలకు మిక్కిలి నచ్చినది. వ్యాసకర్త ఉబలాటము కొద్ది చెప్పిన మాటల చుట్టు పెన్సిలుతో సున్న చుట్టి, ఇది బిల్డప్ మాస్టారూ అని వారు నవ్వుదురు. మీమాంసాచార్యులైన భట్టపాదులు వినినను కోపగింపరనియే నా విశ్వాసము.

అట్లని మనవారిదంతయు మేలని నేననను. తెలుగు తరగతిలో ప్రతిపదార్థతాత్పర్యములను గైడు చూచి వల్లించుట, ఇంగ్లీషులో కీవర్డు వేటకు అన్నయే గాని వేరు గాదు. మెదకు సీమలోని కొలచలమ, నేటి కుల్చారము, పేరు నింటిపేరుగా ధరించిన మల్లినాథసూరి, కాళిదాసునకు వ్యాఖ్య వ్రాయుచు, ఆధారము లేనిది వ్రాయననియు, అవసరము లేనిది పలుకననియు నియమము పెట్టుకొనెను. ఆ రెండు నియమములను తలక్రిందులు చేసినచో మన గైడులు సిద్ధించును.

తర్కమున్నను, కొలమానమున్నను, లోకజ్ఞానము లేనిచో గ్రహణము కుంటుపడును. 1988లో రెక్ట్, లెస్లీ అను నిద్దరు పరిశోధకులు అమెరికా పిల్లలకు బేస్‌బాల్ ఆటను వర్ణించు గద్యమిచ్చి చూడగా, చదువులో వెనుకబడినవారైనను ఆట నెరిగినవారు, చదువులో ముందుండియు ఆట నెరుగనివారికంటె ఎక్కువ గ్రహించిరి. ఇది నాకు కోనసీమ గద్యము వచ్చిన నాడు ప్రత్యక్షమైనది. నదీముఖమున ఉప్పునీరు మంచినీరు కలియుటను గూర్చి యేదో ప్యాసేజి. ఢిల్లీ దాటి యెరుగని చురుకైన బాలిక దానిలో తికమకపడినది. అంతంత మాత్రపు బాలుడు, వేసవులలో అమలాపురము ప్రాంతమున తాతగారింటికి పోవువాడు, పోటు వచ్చినపుడు కాలువ నీరెట్లు ఉప్పనగునో చేతులు త్రిప్పుచు వివరించెను. కాబట్టి పఠనాభ్యాసమనగా పాత ప్రశ్నపత్రములను నమలుట మాత్రమే యని నమ్ము తండ్రులతో, సెలవులకు పిల్లలనెచటికైన తీసికొనిపొండని చెప్పుదును. వారు దానిని నా చాదస్తముగా స్వీకరింతురు.

ఇంగ్లీషు మాటలాడుట రాకున్నను చదివి గ్రహించుట మన దేశపు విద్యార్థికి ముందుగా నబ్బవలసినదని వాదించినవాడు మైఖేల్ వెస్ట్. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన ఆంగ్లేయుడు. నడుమ బడి మానివేయు పిల్లవానికి, మానిన నాటివరకు చదివిన చదువు వలన ఎంతో కొంత మిగులవలెనని ఆయన పట్టు. మాటలాడుట సగము నేర్చినవానికి మిగులునది స్వల్పము, చదువుట సగము నేర్చినవానికి ఒక పుస్తకమైన మిగులునని ఆయన లెక్క. ఇప్పటి వారికి ఈ వాదము రుచింపదు. స్పోకెన్ ఇంగ్లీషు పలకలున్నన్ని, రీడింగు నేర్పుదుమను పలకలు నాకు మా పంఖా రోడ్డు పొడవునను కానరావు.

పిల్లలు చదువు పాఠ్యపుస్తకమే వారికి చదివి గ్రహించు విషయమున రెండు గొప్ప సాక్ష్యములనిచ్చుచున్నది. పాఠమని చదువుదురు గనుక అటు చూడరు. ఫ్లెమింగో అను ఆ పుస్తకమున మొదటి పాఠము ఆల్ఫోన్స్ దోదే వ్రాసిన ది లాస్ట్ లెసన్. 1870-71 యుద్ధమున ప్రష్యా చేత ఫ్రాన్సు ఓడిన పిమ్మట, అల్సాసు బడులలో ఇకమీదట జర్మనే చెప్పవలెనని ఆజ్ఞ వచ్చుటయు, ఫ్రెంచి పంతులు కడపటి పాఠము చెప్పుటయు అందలి కథ. ఫ్రెంచివాని దుఃఖమును, ఇంగ్లీషులో, హిందీ వీధిలో నివసించు తెలుగు బాలిక చదువుట యెంత వింత! ఆమె ఇంటిలో తమ్మునకు తెలుగు చదువుట రాదు. అమ్మమ్మ ఊరినుండి వ్రాసిన ఉత్తరము లెవరును చదువలేక తల్లి కొరకు దాచియుంచుదురట. ఆ కథ ఆమె కర్థము కాలేదనుట అసంభవము. కాని జవాబు వ్రాయుమన్న, భాషాదురభిమానము, మాతృభాషాప్రేమ అని గైడులోని నాలుగు శీర్షికలు వరుస తప్పక దిగినవి. అమ్మమ్మ ఉత్తరము పత్రము దరిదాపులకు రాలేదు.

రెండవ సాక్ష్యము అశోకమిత్రన్ వ్రాసిన పోయెట్స్ అండ్ పాన్‌కేక్స్. సికింద్రాబాదులో పుట్టి, మదరాసు చేరి, జెమినీ స్టూడియోలో కొలువు చేసిన ఆ తమిళరచయిత, ఇంగ్లండునుండి యొక కవి స్టూడియోకు విచ్చేసి ఉపన్యసించిన ముచ్చట చెప్పును. ఆ కవి యేమి పలికెనో స్టూడియోవారికి తెలియలేదు. తాను ఎవరితో ఎందుకు పలుకుచున్నాడో కవికిని తెలియలేదు. ఆయన స్టీఫెన్ స్పెండరని అశోకమిత్రన్‌కు ఎంతో కాలమునకు, పఠనము ద్వారమున బోధపడినది. నిండు సభలో చెవులకందనిది, ఫుట్‌పాతు మీద చౌకగా కొన్న పుస్తకమునందు కన్నుల కందినది. పఠనమునకు ఇంతకంటె మంచి ప్రశస్తి పాఠ్యపుస్తకములలో నుండదు. దీనిపై పరీక్షలో వచ్చు ప్రశ్న మాత్రము స్టూడియోలోని మేకప్పు గదిని గూర్చి.

జనకుని పేర వెలసిన కాలనీలో నుండి జనకుని తలపకపోవుట ధర్మము కాదు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీవారు బృహదారణ్యకమును సంప్రదించి నామకరణము చేసిరని నేను భ్రమపడను. ఐనను ఆ యుపనిషత్తులోని యొక ఘట్టము మా పిల్లలకు మిగుల నుపయోగించినది. యాజ్ఞవల్క్యుడు ఒకనాడు ఏమియు మాటలాడరాదని నిశ్చయించుకొనియే జనకుని కడకు వచ్చెను. కాని అంతకు ముందెన్నడో అగ్నిహోత్రమును గూర్చిన సంవాదమున సంతసించి ఆ ఋషి వరమిచ్చియుండెను. రాజు కోరిన వరము ధనము గాదు, ఇష్టము వచ్చిన ప్రశ్న ఇష్టము వచ్చినపుడు అడుగు స్వేచ్ఛ. ఆ వరబలముచేత రాజు ముందుగా నడిగెను. మౌనముగా నుందునని వచ్చిన మహర్షి నోరు విప్పక తప్పినది కాదు. గ్రంథము సైతము అట్టిదే. మనముగా నడుగనిదే అది మాటలాడదు. పరీక్షవారు ప్రశ్నలను కూడ తామే సిద్ధముచేసి యిచ్చుటవలన, గ్రహణమునందు ప్రధానమైన పనిని పిల్లవాని చేతినుండి తీసికొని, మిగిలిన పనికి మార్కులు పెట్టుచున్నారు.

అందుచేత నేను చేసిన యేర్పాటు చిన్నది. గద్యము నిచ్చి, ప్రశ్నలున్న భాగముపై పాత క్యాలెండరు కాగితమొకటి కప్పుదును. గద్యము చదివి మీ ప్రశ్నలు మీరు ముందు వ్రాయుడందును. మొదట వారు వ్రాసినవి బోర్డు ప్రశ్నల అనుకరణలే. కొన్నాళ్లకు వరుస మారినది. కౌమారవయస్కులు దినమునకెంత సేపు ఫోను చూచుచున్నారో తెలుపు పటముతో నొక గద్యము వచ్చినది; తమకు తాము చెప్పిన లెక్కలను బట్టి పటము గీయబడినదని అడుగున చిన్న అక్షరములలో నున్నది. బోర్డు ప్రశ్నలన్నియు ఏ వయస్సువారు ఎన్ని గంటలు, ఏది ఎక్కువ, ఏది తక్కువ అనునవి. పదునారేండ్ల బాలిక వ్రాసిన ప్రశ్న యిది: ఈ పిల్లలను అడిగినపుడు ప్రక్కన ఎవరున్నారు? నేను కన్నులెత్తి చూచితిని.

"అమ్మ పక్కనే కూర్చుని ఉంటే, ఫోను ఎంతసేపు చూస్తావని అడిగితే ఎవరు నిజం చెప్తారు మాస్టారూ? నేనైతే సగం చెప్తాను" అన్నది.

ఆ క్షణమున ఆ పటము ఆమె చేతిలో నుండెను. అంతవరకు ఆమె పటము చేతిలో నుండెను.

ఇది విని ఒక తండ్రి నా యింటికి వచ్చెను, మర్యాదస్థుడు. "ప్రశ్నలు వేయడం బోర్డువాళ్ల పనండీ, జవాబు రాయడం మావాడి పని. మూడు గంటల్లో పేపరు అయిపోవాలి" అనెను. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. లక్షలాది పత్రములను ఒకే తీరున దిద్దవలసినవారు పిల్లవాని సొంతప్రశ్నకు వెలకట్టలేరు. గడియారము నెదుట పెట్టుకొని గాలించి చదువుటయు నొక విద్యయే, ఆఫీసులో రోజును కట్టలు కట్టలుగా కాగితములు వచ్చి పడునపుడు నేనును ఆ విద్యతోనే బ్రతికితిని. కాని ఆ యాఫీసు బ్రతుకే నాకు మరియొకటి నేర్పినది. ఒక సర్క్యులరులో తనకు కావలసిన పేరా నెంబరును మాత్రము వెదకి పట్టుకొని, పై పేరాలోని మినహాయింపును చదువని గుమాస్తా వలన, ఒక వితంతువు పింఛను నెలల తరబడి ఆగిపోవుట నేను చూచితిని. ఆయనకు ఇంగ్లీషు వచ్చును. పరీక్షలు నెగ్గియే కొలువులో చేరెను. కీవర్డును సరిగానే పట్టెను. ఈ సంగతి చెప్పగా ఆ తండ్రి కొంతసేపాలోచించి, పరీక్షలయ్యాక మీ ఇష్టం వచ్చినట్టు చెప్పండి, ఇప్పుడు మాత్రం పేపర్లు చేయించండి అని రాజీకి వచ్చెను. నేను సగము ఒప్పుకొంటిని: వారమున కొన్ని దినములు ఆయన పద్ధతి, కొన్ని దినములు క్యాలెండరు కాగితము.

బోర్డువారు చేసిన పనులలో నాకు పరిపూర్ణముగా నచ్చినదొకటి కలదు. పదింబావునకు పత్రము చేతికిచ్చి, పదిన్నర వరకు కలము కదపరాదందురు. వ్రాయుటకు వీలులేని, చదువుటకు మాత్రమే నియమింపబడిన ఆ పదునైదు నిమిషములు, పండ్రెండేండ్ల చదువులో మా పిల్లలకు దొరకు అపురూపమైన సమయము. దానిని గూడ గాలింపునకే వ్యయము చేయుడని కోచింగువారు చెప్పుదురు; ఆ వేళ గద్యముల జోలికి పోక, వ్రాతప్రశ్నలలో వేనిని ఎన్నుకొనవలెనో చూచుకొనుడని మరికొందరందురు.

ఫోను పటమును గూర్చి ప్రశ్న వేసిన బాలిక, తరువాతి ఏడు ఇంగ్లీషు పరీక్ష వ్రాసి, మధ్యాహ్నపు టెండలో తిన్నగా మా యింటికే వచ్చినది. పత్రము నా చేతికిచ్చి, జవాబులు సరిచూడుమని యడుగలేదు. "రెండో ప్యాసేజీ రాసినాయన అసలు సంగతి దాటేశాడు మాస్టారూ. మొదటి పేరాలో ఒకటి అంటాడు, చివర్లో ఇంకోటి అంటాడు, మధ్యలో ఏమయిందో చెప్పడు" అన్నది. పదునైదు నిమిషములలో నది కనిపెట్టి, ఆ మీద బోర్డువారికి కావలసిన జవాబులు బోర్డువారికి వ్రాసివచ్చినదట. నేను సులోచనములు పెట్టుకొని గద్యమును రెండు పర్యాయములు చదివితిని. నాకట్లు తోచలేదు, రెండవ పేరా చివర నున్న షరతును ఆమె లెక్కలోనికి తీసికొనలేదంటిని. ఆ షరతు మొదటి పేరాకు వర్తింపదని ఆమె వాదించినది. ఉపక్రమమేది, ఉపసంహారమేదియని యిద్దరమును కాగితము మీద గీతలు గీయుచుండగా వాళ్లమ్మ ఫోను చేసి, అన్నమునకు రమ్మని కేకలు వేసినది. వస్తున్నానని చెప్పి, కుర్చీ ఇంకను దగ్గరకు జరుపుకొన్నది.